తెలిసిన ఆట... తెలియని యుద్ధం

వైజాగ్, కాకినాడల మీద బాంబులు పడిన రోజున బంగాళాఖాతంలో జపాన్ దండును నడిపిన యుద్ధనౌక చోకై. ఎనభై ఏళ్లు దాటాక కూడా ఆ నౌక, దాని తోటి క్రూజర్లు బల్లల మీద, కంప్యూటర్ తెరల మీద మళ్లీ మళ్లీ యుద్ధం చేస్తూనే ఉన్నాయి. అసలు యుద్ధానికీ ఆటకూ తేడా ఎక్కడుందో చోకై కథ వింటే తెలుస్తుంది.

1942 ఏప్రిల్ 6, సోమవారం. సముద్రం వైపు నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం రేవు మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీదా వేశాయి. చనిపోయినవారు కొద్దిమందే కానీ భయం కోస్తా పొడవునా పాకిపోయింది. జపాన్ సైన్యం రేపో మాపో దిగుతుందన్న పుకార్లతో జనం పెట్టేబేడా సర్దుకుని, పిల్లాజెల్లాతో పల్లెల్లోని చుట్టాల ఇళ్లకు తరలిపోయారు. మద్రాసులో ప్రభుత్వమే ఆఫీసులను లోపలి ఊళ్లకు మార్చింది. ఆనాడు పడి పేలకుండా మిగిలిన బాంబు ఒకటి విశాఖ బీచ్ రోడ్డులోని మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

ఆ బాంబును చూసినవారు చాలామందే ఉంటారు. దాన్ని మోసుకొచ్చిన దండు సంగతి తెలిసినవారు తక్కువ. విమానాలు లేచింది ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి. ర్యూజోను, దానితో వచ్చిన క్రూజర్లను నడిపించిన వైస్ అడ్మిరల్ ఒజావా జిసబురో మాత్రం చోకై అనే భారీ క్రూజర్ మీద ఉన్నాడు.

ఈస్టర్ మర్నాడు

అంతకు ముందురోజు ఈస్టర్ ఆదివారం. ఆ ఉదయం నగుమో చుయిచి నాయకత్వంలోని పెద్ద విమానవాహక నౌకల దండు కొలంబో మీద విరుచుకుపడింది. డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు బ్రిటిష్ క్రూజర్లను ముంచేసింది. లోకం చూపంతా సింహళం మీదే ఉండగా ఒజావా తన నౌకలను మూడు జట్లుగా విడదీసి బంగాళాఖాతంలోకి వదిలాడు. చోకై, ర్యూజో మధ్య జట్టులో ఉన్నాయి. కుమానో, సుజుయా ఉత్తరాన ఒడిశా తీరం వైపు, మికుమా, మొగామి దక్షిణం వైపు వెళ్లాయి.

అప్పట్లో కలకత్తా, విశాఖ, మద్రాసు, కొలంబోల మధ్య సరుకు ఓడలు తీరం వెంబడే తిరిగేవి. వాటికి రక్షణగా చెప్పుకోదగ్గ యుద్ధనౌకలు లేవు. కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా వాణిజ్య నౌకలు మునిగాయి. చోకై ఖాతాలో బియెన్‌విల్ అనే అమెరికన్ సరుకు ఓడ, గ్యాంజెస్ అనే బ్రిటిష్ ఓడ చేరాయి.

తెలుగువారికి ఈ దెబ్బ రెండు వైపులా తగిలింది. రంగూన్ మిల్లుల్లో, రేవుల్లో పనిచేసేందుకు కాకినాడ, విశాఖల నుంచి ఓడెక్కిన తెలుగు కూలీలు వేలల్లో ఉండేవారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఓడ దొరకనివాళ్లు అరకాన్, అస్సాం కొండల మీదుగా కాలినడకన ఇంటిదారి పట్టారు. నెల తిరక్కుండానే ఇవతలి ఒడ్డున కూడా బాంబులు పడ్డాయి. అప్పటి బంగాళాఖాతం చరిత్ర రాస్తే అందులో మనవాళ్ల పేజీలు చాలానే ఉంటాయి.

ఒప్పందానికి పుట్టిన నౌక

చోకైని కట్టింది నాగసాకిలోని మిత్సుబిషి నౌకానిర్మాణ కేంద్రంలో. 1928 మార్చిలో పని మొదలైంది. 1931 ఏప్రిల్‌లో జలప్రవేశం చేసింది. 1932 జూన్ 30న నౌకాదళంలో చేరింది. టకావో, అటాగో, మాయా దాని తోబుట్టువులు. జపాన్ తన భారీ క్రూజర్లకు కొండల పేర్లు పెట్టేది. చోకై ఉత్తర జపాన్‌లో యమగాటా, అకిటా సరిహద్దున ఉన్న అగ్నిపర్వతం.

అసలు ‘భారీ క్రూజర్’ అనే జాతే కాగితం మీద పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత నౌకల పోటీ ఖజానాలను ఖాళీ చేస్తుంటే అగ్రరాజ్యాలు 1922లో వాషింగ్టన్‌లో ఒక ఒప్పందానికి వచ్చాయి. క్రూజర్ 10 వేల టన్నులు దాటకూడదు, ఫిరంగి గొట్టం 8 అంగుళాలు మించకూడదు అన్నారు. పరిమితి పెట్టగానే అందరూ సరిగ్గా ఆ పరిమితి దాకా కట్టడం మొదలుపెట్టారు. జపాన్ నిపుణుడు ఫుజిమోటో కికువో ఆ కొలతలోనే వీలైనన్ని ఆయుధాలు కుక్కాడు. పది 8 అంగుళాల ఫిరంగులు, టార్పెడో గొట్టాలు, 35 నాట్ల వేగం. వాటన్నిటి మీద అంతస్తుల కొద్దీ లేచిన కోట బురుజు లాంటి బ్రిడ్జి. ఇన్ని పెట్టాక బరువు ఒప్పందం గీత దాటకుండా ఎలా ఉంటుంది? దాటింది.

ఆ పెద్ద బ్రిడ్జి వల్లే చోకై అడ్మిరళ్లకు ఇష్టమైన నౌక అయింది. పరివారంతో సహా కూర్చుని దండు మొత్తాన్ని నడిపించడానికి చోటుంది. అందుకే యుద్ధంలో చాలాకాలం దాని మీద ఎవరో ఒక అడ్మిరల్ జెండా ఎగిరింది.

సొంతవాళ్లే గురిపెట్టిన రాత్రి

1941 డిసెంబర్ 9 రాత్రి. మలయాలో జపాన్ సేనలు దిగి రెండు రోజులే అయింది. వాటిని అడ్డుకోవడానికి సింగపూర్ నుంచి ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే బ్రిటన్ మహానౌకలు బయలుదేరాయి. వాటి కోసం ఒజావా చోకై మీద వెతుకుతున్నాడు. జపాన్ విమానాలూ చీకట్లో వెతుకుతున్నాయి.

ఒక విమానానికి కింద పెద్ద నౌక కనిపించింది. దొరికిందిరా ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనుకుని దాని మీద వెలుగు చిమ్మే ఫ్లేర్ వదిలారు. తీరా చూస్తే అది చోకై. సొంత విమానాలు తన మీదే దాడికి సిద్ధమవుతున్నాయని ఒజావా ఆదరాబాదరా కబురు పెట్టాల్సి వచ్చింది. కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్న బ్రిటిష్ నౌకలూ ఆ వెలుగు చూశాయి. తాము దొరికిపోయామనుకుని దారి మార్చుకున్నాయి.

అలా ఇరుపక్షాల నౌకలూ చీకట్లో ఒకరికొకరు ఎదురుపడకుండానే విడిపోయాయి. మర్నాడు ఆ రెండు బ్రిటిష్ నౌకలనూ జపాన్ విమానాలు ముంచాయి. ఆ రాత్రి ఫ్లేర్ మరోచోట పడి ఉంటే క్రూజర్ చోకై ఆ మహానౌకల ఫిరంగుల ముందు నిలబడాల్సి వచ్చేది. దాని యుద్ధం మూడో రోజుకే ముగిసిపోయేదేమో.

సావో: అరగంట

చోకై పేరు చరిత్రలో నిలిచింది 1942 ఆగస్టు 8 అర్ధరాత్రి దాటాక జరిగిన ఒక్క పోరు వల్ల. ఆగస్టు 7 ఉదయం అమెరికన్ మెరీన్లు సాలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్‌లో దిగారు. జపాన్ స్థావరం రబావుల్‌లో ఉన్న వైస్ అడ్మిరల్ మికావా గునిచి దొరికిన నౌకలన్నిటినీ పోగేసుకుని అదే రోజు బయలుదేరాడు. ముందు చోకై, వెనుక అయోబా, కాకో, కినుగాసా, ఫురుటాకా, రెండు తేలికపాటి క్రూజర్లు, ఒక డిస్ట్రాయర్. ఈ దండు ఒక జట్టుగా కలిసి సాధన చేసిందే లేదు. అందుకని మికావా సులువైన పద్ధతి ఎంచుకున్నాడు. అందరూ ఒకే వరుసలో చోకై వెంట రావాలి. చీకట్లో మనవాళ్లెవరో తెలియడానికి తెల్లటి గుడ్డలు ఎగరేయాలి.

8వ తేదీ పగలంతా వాళ్లు దీవుల మధ్య ఇరుకు దారిలో వస్తూనే ఉన్నారు. ఆస్ట్రేలియా గస్తీ విమానం చూసింది కూడా. ఆ కబురు గంటల ఆలస్యంగా, తప్పుడు లెక్కలతో చేరింది. సముద్ర విమానాల నౌకలు కూడా ఉన్నాయని అందులో ఉండడంతో, వీళ్లు ఎక్కడో స్థావరం పెట్టుకోబోతున్నారని అమెరికన్ అడ్మిరల్ టర్నర్ భావించాడు. కాపలా క్రూజర్ల అధిపతి క్రచ్‌లీ ఆ రాత్రి టర్నర్‌తో సమావేశానికి తన నౌక తీసుకుని వెళ్లాడు. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేని సిబ్బంది అలసిపోయి ఉన్నారు.

సావో ద్వీపం ముందు రెండు అమెరికన్ డిస్ట్రాయర్లు రాడార్‌తో కాపలా కాస్తున్నాయి. వాటిలో బ్లూ అనేదాన్ని చోకై మీది కాపలాదారులు పెద్ద బైనాక్యులర్లతో దూరం నుంచే పసిగట్టారు. మికావా వేగం తగ్గించాడు. అన్ని ఫిరంగులూ బ్లూ వైపు తిరిగాయి. అది ఒక్క మాట బయటికి పంపినా పేల్చడానికి సిద్ధం. బ్లూ మాత్రం ఏమీ చూడకుండానే వెనక్కి తిరిగి తన దారిన తాను వెళ్లిపోయింది. రాడార్ ఉన్నవాడికి కనిపించలేదు, కళ్లతో వెతుకుతున్నవాడికి కనిపించింది.

రాత్రి ఒంటిగంట నలభై ప్రాంతంలో సముద్ర విమానాలు ఫ్లేర్లు వదిలాయి. పట్టపగలయింది. ఆస్ట్రేలియా క్రూజర్ కాన్‌బెర్రా నిమిషాల్లో పదుల గుండ్లు తగిలి కాలిపోయింది. తర్వాత వంతు అమెరికన్ క్రూజర్లు అస్టోరియా, క్విన్సీ, విన్సెన్స్‌లది. క్విన్సీ మునిగేలోపు ఎదురుదెబ్బ కొట్టింది. దాని గుండు ఒకటి చోకై మీద పటాలుంచే గదిని చిందరవందర చేసింది. చోకైలో 34 మంది చనిపోయారు.

అరగంటలో అంతా అయిపోయింది. అమెరికా, ఆస్ట్రేలియాలకు కలిపి నాలుగు భారీ క్రూజర్ల నష్టం, 1,077 మంది మరణం. జపాన్ వైపు 58 మంది. అమెరికా నౌకాదళం సముద్రపోరులో ఇంత ఘోరంగా దెబ్బతిన్న సందర్భాలు వేళ్లమీద లెక్కించాల్సిందే.

అప్పుడు మికావా చేసిన పని మీద నేటికీ వాదం తెగలేదు. ఎదురుగా రవాణా నౌకలు దాదాపు కాపలా లేకుండా ఉన్నాయి. మెరీన్ల తిండి, తూటాలు వాటిలోనే ఉన్నాయి. వాటిని ముంచడానికే అతను వచ్చాడు. ముంచకుండానే తిరిగి వెళ్లిపోయాడు. వరుస చెదిరింది, పటాలు కాలిపోయాయి, మళ్లీ కూడగట్టుకుని వెళ్లేసరికి తెల్లవారుతుంది. తెల్లవారితే అమెరికన్ విమానవాహక నౌకల నుంచి విమానాలు వచ్చి పడతాయి. ఇదీ అతని లెక్క. ఆ విమానవాహక నౌకలు అంతకు ముందు సాయంత్రమే వెనుదిరిగాయని అతనికి తెలిసే దారి లేదు. వెళ్లేదారిలో కాకోను అమెరికన్ జలాంతర్గామి ఎస్-44 ముంచేసింది. గెలుపు పూర్తిగా దక్కలేదు.

నేల మీద సముద్రం

ఈ పోరు నౌకాయుద్ధ ఆటలు ఆడేవాళ్లకు ఎందుకంత ఇష్టమో ఇప్పటికే అర్థమై ఉంటుంది. బలాబలాలు దాదాపు సమానం. చోటు ఇరుకు. పందెం పెద్దది. చివర్లో తేలని ప్రశ్న ఒకటి. ఇంతకంటే ఆటకు ఏం కావాలి?

నౌకాయుద్ధాన్ని ఆటగా ఆడడం పెద్దల పనిగానే మొదలైంది. 1898లో ఫ్రెడ్ జేన్ అనే ఇంగ్లిష్ పాత్రికేయుడు ఒక ఆట తయారు చేశాడు. అందులో ఫిరంగి పేల్చడమంటే, నౌక బొమ్మ గీసిన అట్ట మీద సూది బిగించిన చిన్న బ్యాటుతో కొట్టడం. సూది ఎక్కడ గుచ్చుకుంటే గుండు అక్కడ పడ్డట్టు. సూదిని బ్యాటు నడిమధ్యలో కాకుండా పక్కకు పెట్టేవారు, గురి అంత తేలిగ్గా కుదరకూడదని. ఆ ఆటకు తోడుగా ప్రపంచ యుద్ధనౌకల వివరాలతో అదే ఏడాది అతను వేసిన పుస్తకమే, నౌకాదళాలన్నీ తిరగేసే నేటి ‘జేన్స్ ఫైటింగ్ షిప్స్’.

అమెరికాలో న్యూపోర్ట్ నౌకాయుద్ధ కళాశాల దీన్ని చదువులో భాగం చేసింది. తొక్కుడుబిళ్లకు గీసినట్టు నేలంతా గళ్లు గీసి, వాటి మీద నౌకల బొమ్మలు జరుపుతూ ఆఫీసర్లు పోరాడేవారు. ఒక పక్షం కదలికలు మరో పక్షానికి కనబడకుండా తెరలు కట్టేవారు. అమెరికా రంగు నీలం, జపాన్ రంగు నారింజ. అక్కడే చదివిన అడ్మిరల్ నిమిట్జ్ యుద్ధం ముగిశాక చెప్పిన మాట ప్రసిద్ధం. ఆత్మాహుతి విమానాలు తప్ప పసిఫిక్‌లో జరిగినవేవీ తమకు కొత్తగా అనిపించలేదని, అన్నీ ముందే ఆడేశామని అతని సారాంశం.

సావోను తలచుకుంటే ఆ మాటను కాస్త సవరించుకోవాలి. జపాన్ క్రూజర్ల అసలు బలం ఫిరంగుల్లో కంటే టార్పెడోల్లో ఉంది. గాలికి బదులు శుద్ధ ఆక్సిజన్‌తో నడిచే టైప్ 93 టార్పెడో తల బరువే 490 కిలోలు. కాస్త తక్కువ వేగంతో వదిలితే 40 కిలోమీటర్లు పోగలదు. వెనుక బుడగల జాడ కూడా పెద్దగా ఉండదు. అమెరికన్లకు దీని సత్తా తెలియదు. తెలియని ఆయుధం న్యూపోర్ట్ పట్టికల్లోకి ఎలా ఎక్కుతుంది? ఆటలో మనకు తెలిసినదే ఉంటుంది. యుద్ధంలో మనకు తెలియనిది ఎదురొస్తుంది.

పాచికను మార్చిన అడ్మిరల్

తెలిసినదాన్ని కూడా ఒప్పుకోకపోతే ఏమవుతుందో జపాన్ వాళ్ల ఆట చెబుతుంది. 1942 మే నెలలో యమాటో నౌక మీద మిడ్‌వే దాడికి ముందస్తుగా ఒక ఆట ఆడారు. అడ్మిరల్ ఉగాకి మతోమె పెద్ద అంపైర్. ఆటలో అమెరికన్ బాంబర్లు జపాన్ విమానవాహక నౌకల మీదకి వచ్చాయి. పాచికలు వేస్తే తొమ్మిది బాంబులు తగిలినట్టు తేలింది. అకాగి, కాగా మునిగిపోయినట్టు రాశారు. ఉగాకి అడ్డుపడ్డాడు. తొమ్మిదిని మూడు చేశాడు. కాగా ఒక్కటే మునిగింది. ఆట తర్వాతి ఘట్టానికి చేరేసరికి మునిగిన ఆ కాగా కూడా లేచి వచ్చి లెక్కలో చేరిపోయింది.

జూన్‌లో నిజమైన మిడ్‌వేలో అకాగి, కాగాలతో సహా నాలుగు విమానవాహక నౌకలు పోయాయి. ఈసారి లేపి నిలబెట్టడానికి అంపైర్ లేడు. ఆ దండయాత్రలో ఆక్రమణ దళానికి అండగా వెళ్లిన క్రూజర్లలో చోకై కూడా ఉంది.

ఒక్క చూపులో చోకై

తరగతి: టకావో (నాలుగు నౌకల్లో చివరిది)
కట్టింది: మిత్సుబిషి, నాగసాకి
చేరిక: 1932 జూన్ 30
పొడవు: సుమారు 204 మీటర్లు
ప్రధాన ఫిరంగులు: 8 అంగుళాలవి పది, జంటలుగా ఐదు గోపురాల్లో
వేగం: 35 నాట్ల పైన
జెండా ఎగరేసిన అడ్మిరళ్లు: ఒజావా, మికావా తదితరులు
అంతం: 1944 అక్టోబర్ 25, ఫిలిప్పీన్స్‌లోని సమార్ ద్వీపం దగ్గర

బల్ల మీద క్రూజర్

యుద్ధం తర్వాత ఈ ఆటలు ఇళ్లలోకి వచ్చాయి. 1977లో వచ్చిన ‘విక్టరీ ఇన్ ది పసిఫిక్’ అనే బోర్డు గేమ్‌లో ఒక్కో పెద్ద నౌక ఒక్కో అట్టముక్క. దాని మీద మూడు అంకెలు: కొట్టే బలం, ఓర్చుకునే బలం, వేగం. పదేళ్ల నిర్మాణ పోటీ, ఒప్పందాలు, వందల మంది మనుషులు, అన్నీ కలిపి ఆ మూడు అంకెలు.

2007లో వచ్చిన ‘వార్ ఎట్ సీ’ రంగులద్దిన చిన్న ప్లాస్టిక్ నౌకలతో ఆడేది. ఇందులో దెబ్బ లెక్క చూడముచ్చటగా ఉంటుంది. నౌక కార్డు మీద దూరాన్ని బట్టి ఎన్ని పాచికలు వేయాలో రాసి ఉంటుంది. 4 లేదా 5 పడితే ఒక దెబ్బ, 6 పడితే రెండు. ఎదుటి నౌక కవచం అంకెను అందుకుంటే అది గాయపడుతుంది. దానికంటే పెద్దదైన రెండో అంకెను అందుకుంటే ఒక్క దెబ్బకే మటాష్. కవచం పలచన, కొట్టే బలం మెండు కాబట్టి క్రూజర్లు ఈ ఆటలో అసలు స్వభావంతోనే కనిపిస్తాయి. ముందు కొట్టినవాడిదే రాజ్యం. మందుగుండు గది దగ్గర గుండు పడితే ఎంత మొనగాడైనా మునగాల్సిందే.

లెక్క బాగానే ఉంది కానీ సావోను బల్ల మీద పరిస్తే చిక్కు వచ్చి పడుతుంది. ఇద్దరు ఆటగాళ్లకూ జపాన్ నౌకలు వస్తున్నాయని తెలుసు. అమెరికన్ వైపు కూర్చున్నవాడు మొదటి ఎత్తులోనే ఫిరంగులు తిప్పేస్తాడు. అప్పుడది సావో అవుతుందా? అందుకే ‘మొదటి ఎత్తుల్లో అమెరికన్ నౌకలు కదలకూడదు, కాల్చకూడదు’ అంటూ ప్రత్యేక నియమాలు పెట్టుకుంటారు. దానివల్ల ఫలితం చరిత్రలాగే వస్తుంది. ఆడినవాడికి మాత్రం ఉలికిపాటు ఉండదు, చేతులు కట్టేసి కొట్టించుకున్న విసుగు ఉంటుంది.

దీనికి మంచి మందు కూడా పాతదే. మూడో మనిషిని అంపైర్‌గా పెట్టుకోవడం. ఇద్దరు ఆటగాళ్లు వేర్వేరు గదుల్లో కూర్చుంటారు. అంపైర్ తనకు తోచినంతే చెబుతాడు. ‘ఉత్తరాన నౌకలు, ఎన్నో తెలియదు’ అంటాడు. ఒక్కోసారి తప్పు చెబుతాడు, ఒక్కోసారి ఆలస్యం చేస్తాడు. విమానవాహక నౌకల పోరుల మీద వచ్చిన ‘ఫ్లాట్ టాప్’ అనే బోర్డు గేమ్ ఇద్దరికీ వేర్వేరు పటాలిచ్చి ఇదే పని చేయించింది. అలా ఆడినప్పుడు బ్లూ డిస్ట్రాయర్ ఎందుకు చూడలేకపోయిందో, టర్నర్ ఎందుకు పొరబడ్డాడో తేలిగ్గా బోధపడుతుంది.

తెర మీద క్రూజర్

కంప్యూటర్ వచ్చాక అంపైర్ పని యంత్రానికి అప్పజెప్పారు. 1992లో వచ్చిన ‘టాస్క్ ఫోర్స్ 1942’ సాలమన్ దీవుల రాత్రి పోరులను తెర మీదకి తెచ్చింది. 2004 నాటి ‘వార్ ఇన్ ది పసిఫిక్’ అయితే మొత్తం మహాసముద్ర యుద్ధాన్నే ఎత్తుకుంది. పటంలో మన తీరం కూడా ఉంటుంది. ఒక్కో ఎత్తు ఒక్కో రోజు. పెరల్ హార్బర్ నుంచి జపాన్ లొంగుబాటు దాకా ఆడాలంటే వెయ్యికి పైగా ఎత్తులు. అందులో మంచి గుణం ఏమిటంటే, ఆట మీతో అబద్ధమాడుతుంది. ఫలానా శత్రునౌక మునిగిందని నివేదిక వస్తుంది. నాలుగు నెలల తర్వాత అదే నౌక ఎక్కడో ప్రత్యక్షమవుతుంది. అచ్చం యుద్ధంలో జరిగినట్టే.

నేటి కుర్రకారుకు ఎక్కువ తెలిసింది 2015లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్’. చోకై తోబుట్టువు అటాగో అందులో పేరున్న నౌక. నౌకలను కట్టిన తీరు, గోపురాలు తిరిగే వేగం, నీటి మీద ఒరిగే తీరు అబ్బురపరుస్తాయి. కానీ ఇది పోటీ ఆట. ఇరవై నిమిషాల్లో తేలిపోవాలి, ఎవరికీ అన్యాయం జరిగినట్టు ఉండకూడదు. అందుకని జపాన్ టార్పెడోల దూరాన్ని బాగా కుదించారు. గొట్టాల్లో టార్పెడోలు మళ్లీ మళ్లీ నిండుతూనే ఉంటాయి. నౌకకు ప్రాణాల పట్టీ ఉంటుంది, మంటలు ఆర్పే బటన్ ఉంటుంది. మునిగినా మరో నిమిషంలో కొత్త ఆటలో తేలొచ్చు.

జపాన్‌లో 2013లో మొదలైన ‘కాంటాయ్ కలెక్షన్’ మరో దారి పట్టింది. అందులో ఒక్కో యుద్ధనౌక ఒక్కో అమ్మాయి. చోకై కళ్లద్దాల పిల్ల. ఈ ఆట పుణ్యాన తాతల కాలం నౌకల పేర్లు మనవలకు కంఠతా వచ్చాయి.

ఆటలో కనిపించనివి

ఈ ఆటలన్నిటిలోనూ వదిలేసిన పేజీ ఒకటుంది. 1944 మార్చిలో టోనే అనే మరో జపాన్ భారీ క్రూజర్ హిందూ మహాసముద్రంలో బెహార్ అనే బ్రిటిష్ వాణిజ్య నౌకను ముంచింది. నీళ్లలో పడ్డవాళ్లను పైకి లాగింది. తర్వాత వాళ్లలో 70 మంది దాకా టోనే మీదే చంపేశారు. మృతుల్లో భారతీయ నావికులూ ఉన్నారు. యుద్ధం ముగిశాక హాంకాంగ్‌లో విచారణ జరిగింది. ఆ దండు అధిపతి సకోంజు నవోమసాను 1948లో ఉరితీశారు. నౌక కెప్టెన్‌కు ఏడేళ్ల జైలు పడింది.

టోనే కూడా ఆటల్లో మోజున్న నౌకే. దాని కార్డు మీద ఫిరంగులుంటాయి, సముద్ర విమానాలుంటాయి. బెహార్ ఉండదు. ఆట తయారుచేసేవాళ్లు అది పెట్టాలని అనడం లేదు. ఆడేవాళ్లు మాత్రం అది చదవాలి.

డెబ్బై అయిదేళ్ల చిక్కుముడి

చోకై చివరి ప్రయాణం 1944 అక్టోబర్‌లో ఫిలిప్పీన్స్ దగ్గర జరిగిన లేతే సమరానికి. కురిటా టకేయో నాయకత్వంలో వెళ్తుంటే అక్టోబర్ 23 తెల్లవారుజామున పలావన్ జలసంధిలో రెండు అమెరికన్ జలాంతర్గాములు కాచుకుని ఉన్నాయి. అటాగో, మాయా మునిగాయి. టకావో చచ్చీచెడీ వెనుదిరిగింది. నలుగురు తోబుట్టువుల్లో ముందుకు సాగింది చోకై ఒక్కటే.

అక్టోబర్ 25 ఉదయం సమార్ దగ్గర కురిటా దండుకు ఆరు చిన్న ఎస్కార్ట్ విమానవాహక నౌకలు, వాటికి కాపలాగా కొన్ని డిస్ట్రాయర్లు, డిస్ట్రాయర్ ఎస్కార్టులు ఎదురయ్యాయి. కురిటా వాటిని అమెరికా పెద్ద దండుగా పొరబడ్డాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధనౌక యమాటో అతని చేతిలో ఉంది. అయినా ఆ చిన్న నౌకలు, వాటి విమానాలు ప్రాణాలకు తెగించి తిరగబడ్డ తీరు చూసి రెండు గంటల పోరు తర్వాత వెనక్కి తిరిగాడు. ఈలోపు చోకై కదలలేని స్థితికి చేరింది. ఫుజినామి అనే డిస్ట్రాయర్ దాని సిబ్బందిని ఎక్కించుకుని, చోకైని టార్పెడోతో ముంచేసింది. రెండు రోజులకు ఫుజినామిని అమెరికన్ విమానాలు ముంచాయి. అందులో ఉన్నవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. అంటే ఆ చివరి ఉదయం చోకై మీద ఏం జరిగిందో చెప్పడానికి ఒక్క సాక్షి కూడా లేడు.

సాక్షి లేనిచోట కథ అల్లుకుంటుంది. వైట్ ప్లెయిన్స్ అనే చిన్న విమానవాహక నౌకకు ఉన్న ఒకే ఒక్క 5 అంగుళాల తుపాకీ గుండ్లు చోకై మీది టార్పెడోలకు తగిలి, అవి పేలి, నౌక కూలిందని దశాబ్దాలు చెప్పుకున్నారు. పుస్తకాల్లోకీ అదే ఎక్కింది. చిన్నవాడు పెద్దవాణ్ని కొట్టిన కథ ఎవరికి నచ్చదు? 2019 మే నెలలో పెట్రెల్ అనే పరిశోధన నౌక 5 వేల మీటర్లకు పైగా లోతున చోకై శకలాలను కనిపెట్టింది. కెమెరా చూపిన సంగతి: టార్పెడోలు పేలకుండా ఉన్నచోటే ఉన్నాయి. డెబ్బై అయిదేళ్ల కథ ఒక్క చిత్రంతో వీగిపోయింది. ఇక మిగిలింది విమానాల బాంబుల వాదనే.

టకావో యుద్ధం చివరిదాకా సింగపూర్‌లో కుంటినౌకగా బతికింది. 1946లో దాన్ని బ్రిటిష్‌వాళ్లు మలక్కా జలసంధిలో ముంచేశారు. పేర్లు మాత్రం బతికాయి. జపాన్ నేటి ఏజిస్ డిస్ట్రాయర్ ఒకదాని పేరు చోకై, అది 1998లో చేరింది. యమాటో మీది ఆటలో మునిగి లేచిన కాగా పేరు పెట్టుకున్న కొత్త నౌక 2018 అక్టోబర్‌లో విశాఖ రేవుకే వచ్చింది. ఈసారి మన నౌకాదళంతో కలిసి జిమెక్స్ విన్యాసాలు చేయడానికి.

ఆడేవారికి ఒక మాట

చోకై కథ మొదటి నుంచి చివరిదాకా తెలియకపోవడం మీదే నడిచింది. సొంత విమానాలకు అది ఎవరి నౌకో తెలియలేదు. బ్లూకు ఎదుట ఉన్నదెవరో తెలియలేదు. మికావాకు శత్రు విమానాలు వెళ్లిపోయాయని తెలియలేదు. కురిటాకు ఎదురుగా ఉన్నవి చిన్న నౌకలని తెలియలేదు. మనకు అది ఎలా కూలిందో 2019 దాకా తెలియలేదు. ఆట ఆడేవాడికి ఇవన్నీ ముందే తెలుసు కాబట్టే మికావాను పిరికివాడనీ కురిటాను తెలివితక్కువవాడనీ తేలిగ్గా తీర్పు చెప్పేస్తాడు.

అలాగని ఈ ఆటలు మానేయమని ఎవరూ అనరు. చరిత్రలో ఆసక్తి పుట్టించడంలో వీటికి సాటి లేదు. ఒక చిన్న ప్రయోగం మాత్రం చేసి చూడండి. సావో పోరును ఇద్దరు స్నేహితులతో, వేర్వేరు గదుల్లో, మీరే అంపైర్‌గా ఉండి ఆడించండి. ఆ ఇద్దరికీ అది సావో అని చెప్పకండి. నౌకల పేర్లు మార్చండి. కొన్ని కబుర్లు ఆలస్యంగా చెప్పండి, ఒకటి రెండు తప్పు చెప్పండి. జపాన్ వైపు ఆడినవారు గెలిచాక తెల్లవారే దాకా ఆగుతారో, వెనుదిరుగుతారో చూడండి. వెనుదిరిగినా ఆశ్చర్యం లేదు. మికావా మీద వందల పేజీల వాదోపవాదాలకు ఆ ఒక్క సాయంత్రం సమాధానం చెబుతుంది.